వంతు పట్టీ

1

సాక్షులు కూడా తమ ఒంటి సంగతి రోజూ రాసి పెట్టుకోవాలని డాక్టర్ నసీమా గారు పెట్టిన రూలు ఇది. పరాయి నొప్పి వినీ వినీ మన ఒంట్లో ఏమైనా తేడా వస్తే తెలియాలట. నా ఒంటి సంగతి ఏముంది? యాభై దాటిన ఒళ్లు. మోకాళ్లు పట్టేస్తాయి, పొద్దున్నే ఉప్పుగాలికి ముక్కు దిబ్బడేస్తుంది. అది ఒక్క ముక్కలో అయిపోయింది కాబట్టి మిగతావీ రాస్తాను.

ఈ రోజు పోటు గంట కొట్టాక కింద వరండా కడిగాను. పోటు వచ్చిన ప్రతిసారీ నీళ్లు మెట్లదాకా వచ్చి, వెళ్తూ వెళ్తూ నాచూ ఇసుకా వదిలిపోతాయి. అది ఊడ్చడం సాక్షి పని కాదు. కానీ జోగులు చెయ్యడు. జోగులంటే నాతోపాటు ఇక్కడున్న రెండో సాక్షి. వరసకి బావ అవుతాడు గనక ఎంతైనా అనొచ్చు. రాయి లాంటి మనిషి. రోగి మంచం మీద గిలగిల్లాడుతుంటే పక్కన కూర్చుని కిటికీలోంచి పడవలు చూస్తుంటాడు.

మాది వెన్ను ఆపరేషన్ల వార్డు. నాలుగో గట్టు మీద ఇంత రద్దీగా ఉండే చోటు ఇంకోటి లేదు. ఒంటికి మోత చట్రం తగిలించుకుని సముద్రం ఒడ్డున రాళ్లు పేర్చేవాళ్లకి ఎప్పటికైనా వెన్నులో ఇనుప మేకులు పడాల్సిందే. బరువంతా చట్రమే మోస్తుంది. కానీ రాయి పట్టుకుని పక్కకి తిరిగేటప్పుడు ఆ మెలి మాత్రం మనిషి నడుమే మోయాలి. మేం రాళ్లు పేర్చడం ఆపితే సముద్రం ఆగదు, అందుకని మేకులూ ఆగవు.

మేకులు వేశాక మొదటి రోజుల్లో వచ్చే నొప్పికి, నరాలు మొద్దుబారేలా వీపులో సూది వేస్తారు. అందులో రెండు రకాలు. ఒకటి లోతుది. వెన్నుపూస పక్కన నరం బయటికొచ్చే చోట, తెర మీద చూసుకుంటూ డాక్టరే వెయ్యాలి. రెండోది పైపైది. వీపు కండరాల మధ్య పొరలో మందు పరిచేస్తే చాలు, నేర్పిస్తే నర్సు కూడా వేయగలదు. ఈ రెండూ సమానంగా పనిచేస్తాయా లేదా అని పోల్చి చూడడానికే ఈ వార్డు. ఎవరికి ఏది వేశారో మాకు తెలియకూడదు. రోగి ముంజేతికి పసుపు దారమో నీలం దారమో కట్టి, దాని మీద గుడ్డ చుట్టి కుట్టేస్తారు.

నొప్పి ఎంతుందో రోగినే అడగొచ్చు కదా అనిపిస్తుంది. మా గట్టు మనుషుల్ని అడిగి చూడండి. కాలు విరిగి వేలాడుతున్నవాడు కూడా "పర్లేదండి" అంటాడు. అందుకే మేము, మా పట్టీలు.

పట్టీ రెండు ముక్కలు. ఒకటి రోగి నడుముకి, రెండోది మన నడుముకి. మీట 'వినికిడి' వైపు ఉంటే అవతలి నొప్పి పక్కింట్లో మాటల్లా మనకి వినిపిస్తుంది. 'వంతు' వైపు తిప్పితే అక్కడ సగం తగ్గి, ఆ సగం మన ఒంట్లోకి వస్తుంది. గట్టు మీద పట్టీ లేని ఇల్లుండదు. కాన్పులకి, పంటి నొప్పులకి, చేప ముల్లు దిగినప్పుడు ఇంట్లోవాళ్లంతా వంతులు తీసుకుంటారు. మంచం పక్కన కూర్చుని వంతు తీసుకోకుండా లేచిపోవడమంటే, చావింటికి వెళ్లి ఎవర్నీ పలకరించకుండా తిరిగి రావడమే.

కానీ ఈ వార్డులో వంతు కూడదు. వినాలి, అంకె వేయాలి, లేవాలి. మీట మీద ప్లాస్టర్ అతికించి ఇచ్చారు. "ఆ మీటేదో పీకి పారేయొచ్చుగా డాక్టరమ్మా" అన్నాను. వినే తీగా వంతు తీగా ఒకటేనట. కోస్తే రెండూ పోతాయట.

2

లోవరాజు అనే మనిషికి నిన్న మేకులు వేశారు. ఆరడుగుల వాడు, మంచం చాలక పాదాలు బయటికి వేలాడుతున్నాయి. వచ్చీ రాగానే నాకు పిన్ని వరస కలిపేశాడు. భార్య నూకరత్నం కూడా మోతకే వెళ్తుందట. "నా కంటే ఒక రాయి ఎక్కువే మోత్తాది పిన్నీ" అని వాడే గొప్పగా చెప్పాడు.

మధ్యాహ్నం వాడి పక్కన పట్టీ కట్టుకుని కూర్చున్నాను.

"ఎలా ఉంది నాయనా?"

"పర్లేదు పిన్నీ. సిన్న సలుపంతే."

సలుపట! నా నడుములో ఎవరో పలుగు పెట్టి కెలుకుతున్నట్టుంది. వినికిడిలోనే ఇలా ఉంటే వాడికెలా ఉండాలి? పదికి ఎనిమిది వేసి గంట కొట్టాను. ఏడు దాటితే గంట కొట్టాలి. నర్సు ప్రమీల వెళ్లి కింది బీరువాలోంచి గట్టి మందు తేవాలి. వేసేముందు మేం మళ్లీ ఒకసారి విని అంకె చెప్పాలి. అప్పటికి తగ్గి ఉంటే, కదలడం వల్ల వచ్చిన కుదుపేలే అని మొదటి అంకె కొట్టేసి, రెండోదాన్నే ఉంచాలి. ఇదీ పద్ధతి.

ప్రమీల వెళ్లింది. పోటు నీళ్లు ఇంకా తియ్యలేదు, బీరువా దాకా మోకాలి లోతు. రావడానికి ఆలస్యమైంది. లోవరాజు దుప్పటి అంచు నోట్లో కుక్కుకున్నాడు. కళ్లలోంచి నీళ్లు కారి చెవుల్లోకి పోతున్నాయి. అరవడం లేదు. పక్కన నేను కుర్చీలో, నడుముకి పట్టీ పెట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, పేరంటానికొచ్చిన దానిలా కూర్చున్నాను. మా అమ్మ చూస్తే చెంప పగలగొట్టేది.

ప్లాస్టర్ అంచు గోటితో లేపి మీట తిప్పాను.

నొప్పి వచ్చినప్పుడు కుర్చీ చేతులు పట్టుకుని ఊపిరి బిగబట్టాను. లోవరాజు నోట్లోంచి దుప్పటి జారింది. నా వైపు చూశాడు. గట్టు మనిషి కదా, ఏమైందో తెలిసే ఉంటుంది. ప్రమీల మెట్లెక్కుతున్న చప్పుడు వినగానే మీట వెనక్కి తిప్పి ప్లాస్టర్ నొక్కేశాను. తిప్పేశాక కూడా ఆ తగ్గుదల కాసేపు నిలుస్తుంది. రెండో అంకె నాలుగు వచ్చింది. ప్రమీల ఎనిమిది కొట్టేసి, మందు వెనక్కి తీసుకుపోయింది.

పోనీలే, వాడికి ఆ గట్టి మందు తప్పింది. అది వేస్తే వాంతులు, మత్తు. ఇలా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

9

ఇప్పుడది అలవాటైపోయింది. అందరికీ తీసుకోను. కొందరి పక్కన కూర్చుంటే వినికిడిలో మూడో నాలుగో వస్తుంది, హాయిగా ఊళ్లో కబుర్లు చెప్పుకుంటాం. కొందరి దగ్గర మాత్రం తట్టుకోలేను. సింహాచలం అని ముసలాయన ఉన్నాడు. నొప్పి మరీ ఎక్కువైనప్పుడు చిన్నప్పటి ఊరి పేర్లు వరసగా చెప్పుకుంటాడు, అన్నీ నీళ్లలో మునిగిపోయినవే. ఆయన ఊళ్లు మొదలుపెట్టగానే నా గోరు ప్లాస్టర్ కిందికి వెళ్తుంది. జిగురు పోతోందని జేబులో కొత్త ప్లాస్టర్ చుట్ట ఒకటి ఉంచుకుంటున్నాను.

జోగులు చూస్తాడేమో అని భయం. వాడు చూస్తే అప్పుడే వెళ్లి చెప్తాడు.

ఇవాళ నసీమా గారు నన్ను ఆపి, "నడుం పట్టుకుని నడుస్తున్నారు, నొప్పిగా ఉందా మాణిక్యం గారూ?" అని అడిగారు.

"పర్లేదండి" అన్నాను.

ఆవిడ గది బయట బల్ల మీద కూర్చోబెట్టి టీ పోశారు. ఎప్పుడూ పనేగానీ మాటల మనిషి కాదు, ఇవాళ ఎందుకో మాట్లాడారు. పదహారు గట్ల మీద పదహారు ఆసుపత్రులుంటే, లోతు సూది వేయగల డాక్టర్లు ముగ్గురే ఉన్నారట. మిగతా చోట్ల ఏ సూదీ లేకుండా మేకులు వేసి పంపించేస్తున్నారట. "పైపై సూది దానికి సమానంగా నిలబడితే చాలు. రేపే నర్సులందరికీ నేర్పించేస్తాను. ఇంక ఎవరూ దుప్పట్లు కొరుక్కోనక్కర్లేదు" అన్నారు. ఆ మాట అంటుంటే ముఖం చిన్నపిల్ల ముఖంలా ఉంది. నేను టీ సగంలో వదిలేసి లేచాను.

అయినా సాయంత్రం సింహాచలం ఊళ్లు మొదలుపెట్టాడు.

21

ఇవాళ దారాలు కోసే రోజు. పోలిక అయిపోయింది. కోలుకుని ఇళ్లకెళ్లినవాళ్లంతా మళ్లీ వచ్చారు. వార్డంతా పెళ్లివారి విడిదిలా ఉంది. ఎండు రొయ్యలు వేసి ఉప్మా చేశారు. లోవరాజు కర్ర పట్టుకుని, కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. పక్కన నూకరత్నం. నన్ను చూడగానే "అత్తా, మా వోణ్ని నువ్వే కాపాడేవంట కదా" అని చేతులు పట్టుకుంది. ఆ చేతులు గరుకు, ఇనుము పట్టుకున్నట్టే ఉన్నాయి.

నసీమా గారు కత్తెర పట్టుకుని ఒక్కొక్కరి ముంజేతి గుడ్డ కోస్తుంటే అందరూ మెడలు సాచి చూశారు. లోవరాజు గుడ్డ తెగింది. పసుపు. "పసుపంటే ఏ సూదండీ?" అన్నాడు. "పైపైది" అన్నారు. వాడు లాటరీ కొట్టినట్టు చెయ్యి పైకెత్తి అందరికీ చూపించాడు.

సింహాచలం గుడ్డ తెగింది. పసుపు.

అప్పుడు నేను ముఖాలు చూడడం మానేసి ముంజేతులే చూశాను. నాతో హాయిగా కబుర్లు చెప్పినవాళ్లవి నీలం. నా గోరు ప్లాస్టర్ కిందికి వెళ్లినవాళ్లవి పసుపు. ఒక్కటి, రెండు తప్పితే అన్నీ పసుపే.

నసీమా గారు లెక్క చదివారు. రెండు సూదులూ సమానమట. పైపై సూది వేసినవాళ్లకి గట్టి మందు కూడా ఇంచుమించు అక్కర్లేకపోయిందట. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. జోగులు ఒక్కడే కొట్టలేదు. వీడి మొహానికి సంతోషం కూడా తెలియదు అనుకున్నాను.

చెప్పాలని రెండుసార్లు ఆవిడ గది దాకా వెళ్లాను. మొదటిసారి ఆవిడ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నారు. రెండోసారి ఒంటరిగా ఉన్నారు, కళ్లు తుడుచుకుంటున్నారు. వెనక్కి వచ్చేశాను. సగం వంతే కదా తీసుకున్నాను, మిగతా సగం ఆ సూదే తగ్గించి ఉంటుంది, పెద్ద తేడా ఉండదు అనుకున్నాను. ఆ మాట నేను నమ్మలేదు. నమ్మినట్టు నటించాను.

34

సాక్షుల పని అయిపోయింది. నన్ను దుప్పట్లు ఉతికే చోట వేశారు. జోగుల్ని పడవల రేవులో వేశారు. నడుములో ఏదో పట్టేసిందని వంగి నడుస్తున్నాడు. ఆసుపత్రుల్లోకి రానిచ్చే సాక్షి బిళ్లలు మాత్రం మా దగ్గరే ఉంచుకోమన్నారు, మళ్లీ ఎప్పుడైనా అవసరమొస్తుందని.

గట్టు బోర్డు నుంచి కాగితం వచ్చింది. ఇక నుంచి అన్ని గట్ల మీదా పసుపు సూదే. పసుపు వేసినచోట గట్టి మందు నిలవ పెట్టనక్కర్లేదు, పంపడం ఆపేస్తున్నాం అని కూడా ఉంది. దుప్పటి పిండుతూ ఆ కాగితం గోడ మీద రెండుసార్లు చదివాను. ఆ రెండో ముక్క నా వేలితో రాసినట్టే ఉంది.

సాయంత్రం లోవరాజు రేవు దగ్గర కనిపించాడు. పని ఆరో గట్టుకి మారిందట, కాపురం కూడా అక్కడికే మార్చారట. "నూకరత్నానికీ నడుం పోయింది పిన్నీ. వచ్చే వారం ఆరో గట్టు ఆసుపత్రిలో మేకులేత్తారు. బయపడతా ఉంది. నేనే సెప్పేను, పసుపు సూదికి ఏమీ తెలీదే, నన్ను సూడు, ఒక్క రోజు కూడా అరవలేదు అని."

నా వంతులు కాసేపటివే, మిగతాదంతా సూది గొప్పే అని వాడి నమ్మకం. అప్పుడే చెప్పి ఉండాల్సింది. నీకు నొప్పి తెలియనిది సూది వల్ల కాదురా, నా వల్ల అని. వాడి పెదాల మీద ఆ నవ్వు చూశాను. "ధైర్యంగా ఉండమను" అన్నాను. ఇంత నీచంగా ఎప్పుడూ మాట్లాడలేదు నేను.

41

పొద్దున్నే లోవరాజు మా ఇంటి గుమ్మం ముందు నిలబడ్డాడు. తెల్లారే పడవలో వచ్చాడట. గడ్డం మాసిపోయి ఉంది.

"పిన్నీ, దానికి సూది పడలేదు. అరుత్తా ఉంది. ఎవరూ నమ్మట్లేదు. పసుపుకి అంత నొప్పుండదంట. ఊరికే గాబరా పడుతుందంటన్నారు. ఇంటి పట్టీ తెత్తే గుమ్మం కాడే లాక్కున్నారు, బయటివి లోపలికి రాకూడదంట. నీకు బిళ్ల ఉంది కదా పిన్నీ, నిన్ను రానిత్తారు."

వార్డు బీరువాలోంచి నా పాత పట్టీ తీసుకుని వాడి వెంటే పడవెక్కాను. దారి పొడుగునా వాడు మాట్లాడుతూనే ఉన్నాడు. నీళ్ల కేసి చూస్తూ కూర్చున్నాను.

నూకరత్నం గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. జుట్టంతా చెమటకి నుదుటికి అంటుకుపోయింది. నన్ను చూసి లేవబోయి ఆగిపోయింది.

"అత్తా, నేను నాటకాలాడతన్నానంటన్నారు."

"లేదమ్మా" అన్నాను. "నాటకం ఆడింది నేను."

దానికి అర్థం కాలేదు. పట్టీ కట్టాను. వినికిడిలోనే నా పళ్లు కరుచుకుపోయాయి. మొదటి రోజు లోవరాజు పక్కన విన్నదీ ఇదే. మీట వైపు చెయ్యి పోబోతే ఆపుకున్నాను. అంకె వేశాను, తొమ్మిది. నర్సుని పిలిచాను. ఆ పిల్ల ఒక్కతే ముప్పై మంచాలు చూస్తోంది, పాపం మనిషిని తప్పుపట్టడానికేం లేదు.

"పసుపుకి తొమ్మిది రాదండి" అంది. "కాగితంలో ఉంది కదా."

"ఆ కాగితానికి అంకెలిచ్చింది నేనే. ఇది నువ్వు కట్టుకో."

నా నడుం నుంచి పట్టీ విప్పి ఆమె నడుముకి కట్టాను. ఆమె ముఖంలో రక్తం లేకుండా పోయింది. మంచం కోడు పట్టుకుంది. విప్పేశాక నూకరత్నం చెయ్యి పట్టుకుని, "సారీ అక్కా" అంది, ఏడుస్తూ. తర్వాత నా వైపు తిరిగి, "మందు లేదండి. పసుపుకి అక్కర్లేదని పంపడం మానేశారు" అంది.

లోవరాజుని మళ్లీ పడవెక్కించాను. నసీమా గారికి రెండు ముక్కలు చెప్పమన్నాను. గట్టి మందు తెమ్మని, అంకెలు తప్పని. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, ప్లాస్టర్ మొత్తం పీకేసి, మీట తిప్పాను. ఈసారి దొంగతనంగా కాదు. నూకరత్నం ఊపిరి పీల్చుకుంది. "పర్లేదత్తా, నీకు కట్టం" అంది. నోరు మూసుకోమన్నాను.

పడవ వచ్చేదాకా అలాగే కూర్చున్నాను. మధ్యలో విప్పి ఊపిరి తిప్పుకుని మళ్లీ కట్టుకున్నాను. ఎంత తీసుకున్నా ఎదుట సగం మిగిలే ఉంది. లోవరాజు దగ్గర కూడా మిగిలే ఉండి ఉంటుంది. వాడు నాకోసం పళ్లు బిగించుకుని నవ్వాడన్నమాట.

మందు పెట్టెతో నసీమా గారే వచ్చారు. నూకరత్నానికి సూది వేసి, ఆమె కళ్లు మూసుకునేదాకా పక్కనే నిలబడ్డారు. అప్పుడు నన్ను వరండాలోకి తీసుకెళ్లారు.

నేను అన్నీ చెప్పాను. ప్లాస్టర్, గోరు, సింహాచలం ఊళ్లు, ముంజేతుల మీద దారాలు, ఆవిడ గది దాకా వెళ్లి తిరిగి రావడం. ఆవిడ మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"జాలేసింది, సరే. మీట తిప్పకుండా ఎనిమిది అలాగే వదిలేసి ఉంటే మందు వచ్చేది కదా మాణిక్యం గారూ" అన్నారు చివరికి. "పది నిమిషాలు ఆలస్యంగానైనా వచ్చేది. ఇప్పుడు మిగతా పదిహేను ఆసుపత్రుల్లో మందు లేదు. మీరెన్ని మంచాల పక్కన కూర్చోగలరు?"

తప్పయిపోయింది అన్నాను. ఆ మాట ఆ వరండాకి సరిపోలేదు.

"మీరొక్కరేనా?"

"నేనొక్కదాన్నేనండి. జోగులు బావ అలాంటివాడు కాదు. రాయి."

43

జోగుల్ని పిలిపించారు. నడుం మీద చెయ్యేసుకుని, వంగుకుంటూ వచ్చాడు. నేను మూలన తల దించుకుని నిలబడ్డాను. నసీమా గారు విషయం చెప్పి, "మీకు అనుమానం రాలేదా?" అని అడిగారు.

వాడు కిటికీ కేసి చూశాడు. తర్వాత జేబులో చెయ్యి పెట్టి ప్లాస్టర్ చుట్ట తీసి బల్ల మీద పెట్టాడు. సగం అయిపోయిన చుట్ట. అచ్చం నాదానిలాంటిదే.

"ఇది సూత్తాదేమోనని ఇదెల్లిపోయేక వంతు తీసుకునేవోణ్ని" అన్నాడు నన్ను చూపిస్తూ. "చెప్పేత్తాదని బయం."

ఇన్నాళ్లూ నేను వాడికి భయపడ్డాను, వాడు నాకు భయపడ్డాడు. నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. దారాలు కోసిన రోజు వాడు చప్పట్లు ఎందుకు కొట్టలేదో ఇప్పుడు తెలిసింది. నాకన్నా వాడే నయం, నేను కొట్టాను.

నసీమా గారు చేతుల్లో ముఖం పెట్టుకుని కూర్చున్నారు. "తప్పు నాది కూడా" అన్నారు మెల్లగా. "మీట మీద ప్లాస్టర్ అతికించి, గట్టు మనుషుల్ని ఆపేశాను అనుకున్నాను."

సాయంత్రంలోగా అన్ని గట్లకీ గట్టి మందు పెట్టెలు బయల్దేరాయి. పసుపు సూది కాగితం గోడల మీంచి తీసేశారు. పోలిక మళ్లీ మొదటి నుంచి చెయ్యాలట. బోర్డువాళ్లు మా ఇద్దరి బిళ్లలూ లాగేయమన్నారు. నేను అప్పటికే తీసి బల్ల మీద పెట్టాను. నసీమా గారు వెనక్కి ఇచ్చేశారు.

"ఇంకెవర్ని పెట్టినా గట్టు మనిషే వస్తాడు. వాళ్లూ తిప్పుతారు. తిప్పితే ఏమవుతుందో మీకు తెలుసు" అన్నారు. అది నమ్మకం కాదు. అది నాకు వేసిన శిక్ష అని ఇద్దరికీ తెలుసు.

50

కొత్త పోలికకి మొదటి రోగి ఎవరో చెప్తే నవ్వుతారు. జోగులు. మోతకి వెళ్లిన రోజుల నుంచీ దాచుకుంటున్న నడుం పూర్తిగా కూర్చుండిపోయింది. నిన్న మేకులు వేశారు. ముంజేతికి గుడ్డ చుట్టి కుట్టారు. లోపల ఏ రంగో నాకు తెలియదు.

ఈసారి పట్టీకి ప్లాస్టర్ వద్దన్నాను. అది నన్నెప్పుడూ ఆపలేదు. మీట నున్నగా, తేటగా నా చేతికి దగ్గర్లోనే ఉంది.

మేకులు వేసేముందు వాడు నాకు గట్టిగా చెప్పాడు. "మాణిక్యం, నేను అడిగినా నీ సెయ్యి అటు రాకూడదు. వచ్చిందా, సచ్చినా నీతో మాటాడను."

మధ్యాహ్నం పట్టీ కట్టుకుని కూర్చున్నాను. వాడి నుదురంతా చెమట. కిటికీ కేసి చూస్తున్నాడు గానీ పడవల్ని చూడడం లేదు. వినికిడి నాకు నడుం నుంచి తొడల్లోకి దిగింది. ఎనిమిది. గంట కొట్టాను. ప్రమీల పరుగెత్తింది. ఈసారి మందు బీరువా పై అంతస్తుకే మార్చారు, అయినా తాళం తీసి, మందు ఎక్కించుకుని రావాలి కదా.

"మాణిక్యం" అన్నాడు.

"చెప్పు బావా."

"ఒక్క కాసేపు. వంతు తీసుకో."

చేతులు తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను.

"నిన్న నేనన్నది ఊరికే అన్నానే. తీసుకో. ఎవరు సూత్తారు?"

"లేదు బావా."

"నీ పెళ్లికి తాటాకు పందిరి నేనే ఏసేను. మీ అమ్మ పోయినప్పుడు పాడె మోసేను. ఒక్క వంతే మాణిక్యం."

అన్నీ నిజమే. మా అమ్మ చివరి రోజుల్లో వాడు తీసుకున్నన్ని వంతులు నేను కూడా తీసుకోలేదు. నా కళ్లు మసకేశాయి. మీట ఒక్కటే కనిపిస్తోంది. "లేదు" అన్నాను మళ్లీ. వాడు ముఖం గోడ వైపు తిప్పేసుకున్నాడు.

ప్రమీల వచ్చి రెండో అంకె అడిగింది. ఎనిమిది. తగ్గలేదు. కొట్టేయడానికి ఏమీ లేదు. మందు వేసింది. అది ఒంట్లోకి ఎక్కుతుంటే పట్టీలో నాకూ వినిపించింది, మోత చట్రం కిందికి దించినట్టు. ఎనిమిది ఏడయింది, ఐదయింది.

"ఇప్పుడెలా ఉంది జోగులు గారూ?" అని అడిగింది ప్రమీల.

నేను వాడి పెదాల కేసే చూస్తున్నాను. గట్టు మీద పుట్టిన ప్రతి నోటికీ ముందు వచ్చే మాటే వాడి నోటిదాకా వచ్చింది. ఆగిపోయింది.

"నొప్పిగా ఉందమ్మా" అన్నాడు. "ఇందాక ఇంకా ఎక్కువుంది. రాసుకో."

ప్రమీల రాసుకుంది. వాడు నా వైపు తిరగలేదు, నాతో మాట్లాడలేదు. నేను పట్టీ విప్పి తర్వాతి మంచం దగ్గరికి వెళ్లాను.